పాత బడుల విలీనంపై సూరత్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



చౌరీచౌరా హింస తర్వాత, 1922 ఫిబ్రవరిలో, సహాయ నిరాకరణను ఆపాలని కాంగ్రెస్ కార్యవర్గం తీర్మానించింది మీ జిల్లాలోని బార్డోలీలోనే. అక్కడే ఖరారైన నిర్మాణ కార్యక్రమంలో జాతీయ పాఠశాలలూ ఉన్నాయి. ఆ సంగతి అంతగా ఎవరికీ గుర్తుండదు. అదే జిల్లాలో ఇప్పుడు పాత బడుల విలీనం మాట వస్తోంది కాబట్టి గుర్తుచేస్తున్నాను.

పాతబడిన బడిని మరో బడిలో కలిపేటప్పుడు సాధారణంగా చూసేది దూరమే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా కిలోమీటరు లోపు బడి ఉండాలని విద్యా హక్కు కేంద్ర నిబంధనలు చెబుతాయి. ఆ కిలోమీటరు ఏ పేట గుండా పోతుందో ఫైలులో కనబడదు. పేటల మధ్య గొడవలు రేగితే ముందుగా ఇంట్లో ఆగిపోయేది ఆడపిల్లలే. పెచ్చులూడి తుప్పు చువ్వలు బయటపడ్డ గదికి మరమ్మతు వెంటనే జరగాలి. బడిని తరలించడం వేరే విషయం. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక వేయాల్సింది కనీసం 75 శాతం తల్లిదండ్రులుండే యాజమాన్య కమిటీ. విలీనం ఫైలు కదిలేలోపే రెండు బడుల కమిటీలూ పిల్లల దారిని నడిచి చూడాలి.