వాదం - వివేకం

రైలుపెట్టెలో ఎదురెదురుగా కూర్చున్న నలుగురు ప్రయాణికులకు పరస్పర పరిచయం ఉండదు. ఒకరి ఊరు మరొకరికి తెలియదు. ఒకరి వృత్తి మరొకరికి తెలియదు. బండి కాజీపేట దాటేసరికి ఒకరి చేతిలోని దినపత్రిక నలుగురి చేతులూ మారుతుంది. ఖమ్మం చేరేసరికి ధరల ప్రస్తావన వస్తుంది. విజయవాడలో టీ తాగడం పూర్తయ్యేసరికి ప్రభుత్వాల పనితీరు, కొత్త యంత్రాల మంచిచెడ్డలు, బ్యాంకు వడ్డీలు అన్నీ చర్చకు వస్తాయి. రాజమండ్రి వంతెన మీద బండి సాగుతున్నప్పుడు కింద గోదావరి ప్రవహిస్తున్న సంగతిని ఎవరూ గమనించరు. స్వరాలు హెచ్చుతాయి, ముఖాలు ఎర్రబడతాయి. దిగవలసిన స్టేషను రాగానే ఎవరి అభిప్రాయాన్ని వారు, వెంట తెచ్చుకొన్న సామానుతోపాటు భద్రంగా దించుకొని వెళ్ళిపోతారు.

ఇన్ని గంటల వాదనలో ఎవరికి ఏమి లభించినట్లు?

అయినవారితో వాదించేటప్పుడు మనిషికి రేపటి భయం ఉంటుంది. మేనమామతో మాట తూలినవాడు మరునాడు పెండ్లిపందిట్లో ఆయనకు ఎదురుపడాలి. పొరుగువానితో వైరం తెచ్చుకొన్నవాడు రోజూ అదే వీధిలో నడవాలి. అపరిచితునితో ఆ చిక్కు లేదు. మళ్ళీ కనిపించనివాని పట్ల మర్యాద అవసరమేమిటన్న భావం నాలుకకు పగ్గాలు వదులుతుంది. ఇది అపరిచితునితో వాదించడంలోని ప్రమాదం. కానీ అందులోనే ఒక గొప్ప అవకాశం కూడా ఉంది. తెలిసినవాని మాటను అతని వయస్సునుబట్టి, పదవినిబట్టి, కులాన్నిబట్టి, సంపదనుబట్టి తూచడం లోకరీతి. అవేవీ తెలియనివాని మాటను తూచడానికి అందులోని యుక్తి ఒక్కటే తూకపురాయి. కాబట్టి అపరిచితునితో చేసే వాదన మనిషి చదువుకు నిజమైన పరీక్ష.

ప్రాచీన భారతీయ తార్కికులు ఈ పరీక్షకు నియమావళిని రూపొందించారు. గౌతముని న్యాయసూత్రాలు చర్చను వాదం, జల్పం, వితండ అని మూడు విధాలుగా విభజించాయి. సత్యాన్ని తెలుసుకోవడానికి ఇరుపక్షాలవారూ ప్రమాణాలతో చేసేది వాదం. గెలుపే పరమార్థంగా, మాయోపాయాలనైనా ఆశ్రయించి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షాన్ని నిలబెట్టుకోకుండా, ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకొన్నది వితండ. ఈ మూడింటిలో చివరిదాని పేరే తెలుగువారి నిత్యవ్యవహారంలో నిలిచిపోవడం ఆలోచించదగిన విషయం.

జల్పంలో వాడే మాయోపాయాలలో ఛలం ఒకటి. దీనికి వ్యాఖ్యాతలు ఒక చమత్కారమైన ఉదాహరణ చెప్పారు. కొత్త కంబళి కప్పుకొన్న ఒకనిని చూసి ‘ఇతడు నవకంబళం కలవాడు’ అని ఒకడన్నాడు. ‘నవ’ శబ్దానికి కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలున్నాయి. ‘ఒక్క కంబళే కనబడుతుంటే తొమ్మిది అంటావేమి?’ అని వెంటనే మరొకడు ఆక్షేపించాడు. ఎదుటివాని అభిప్రాయం తెలిసి ఉండీ తెలియనట్లు నటించి, అతడు అనని మాటను అన్నట్లు ఖండించడమే ఛలం. వాదంలో ఓటమికి గుర్తులైన నిగ్రహస్థానాలను న్యాయశాస్త్రం 22గా లెక్కించింది. వాటిలో మతానుజ్ఞ ఒకటి. తన పక్షంపై మోపిన దోషానికి సమాధానం చెప్పకుండా, అదే దోషం ఎదుటి పక్షంలోనూ ఉందని చూపడం దీని లక్షణం. ‘మీ నాయకుడు ప్రజల సొమ్ము తిన్నాడు’ అంటే ‘మీ నాయకుడు మాత్రం తక్కువ తిన్నాడా?’ అని బదులిచ్చేవాడు తాను గెలిచానని భావిస్తాడు. శాస్త్రదృష్టిలో అతడు తన నాయకుని దోషాన్ని అంగీకరించి అప్పటికే ఓడిపోయాడు. నేటి రాజకీయ వాదనలలో సగానికి సగం ఈ ఒక్క నిగ్రహస్థానంలోనే పడిపోతాయి.

ఈ నియమాలు పండితసభలకే పరిమితమైనవి కావు. యంత్రాల గురించి, ధనం గురించి, రాజకీయాల గురించి సామాన్యులు చేసుకొనే వాదనలకూ ఇవి వర్తిస్తాయి. ఓటింగు యంత్రం విషయమే ఇందుకు నిదర్శనం. 1982లో కేరళలోని పరవూరు శాసనసభ నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో ఈ యంత్రాలను మొదటిసారిగా ఉపయోగించారు. చట్టంలో వీటికి అవకాశం లేదన్న కారణంతో 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగు చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తరువాత చట్టాన్ని సవరించారు. 2004 నాటికి లోక్‌సభ ఎన్నికలు పూర్తిగా యంత్రాలతోనే జరిగాయి. ‘యంత్రం కాబట్టి మోసం చేయవచ్చు’ అని ఒకరు, ‘నిపుణులు చేసిన యంత్రం కాబట్టి మోసం జరగదు’ అని మరొకరు కేకలు వేసుకొన్నంతకాలం అది జల్పమే. ‘తాను వేసిన ఓటు తాననుకొన్నవారికే పడిందని ఓటరు కంటితో చూసుకొనే ఆధారం ఏమిటి?’ అని ప్రశ్నించినప్పుడు అది వాదమయింది. ఆ ప్రశ్న నుండే ఓటును చూపే కాగితపు చీటీ పుట్టింది. దానిని దశలవారీగా ప్రవేశపెట్టవలసిందిగా 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019 లోక్‌సభ ఎన్నికలలో అన్ని పోలింగు కేంద్రాలలోనూ ఓటరు తన చీటీని గాజుపలక వెనుక ఏడు సెకన్లపాటు చూడగలిగాడు. చీటీలన్నిటినీ లెక్కించాలన్న కోరికను 2024లో న్యాయస్థానం తోసిపుచ్చింది. అయితే ఓడిన అభ్యర్థులు కొన్ని యంత్రాలను తనిఖీ చేయించుకొనే అవకాశం కల్పించింది. చర్చ ముగియలేదు. కానీ సందేహించినవాడూ, సమర్థించినవాడూ కలిసి ఒక ఆధారాన్ని సంపాదించారు. వాదం ఫలించడమంటే ఇదే.

ధనం విషయంలో వాదనలు మరింత వాడిగా సాగుతాయి. 2016 నవంబరు 8న కేంద్రప్రభుత్వం పాత 500, 1000 రూపాయల నోట్లను రద్దు చేసినప్పుడు దేశంలో వాదించని మనిషి లేడంటే అతిశయోక్తి కాదు. ఆ వాదనలను నేడు ప్రశాంతంగా పరిశీలిస్తే వాటిలో మూడు రకాల ప్రశ్నలు కలగలిసి ఉన్నట్లు తెలుస్తుంది. మొదటి రకం యథార్థానికి సంబంధించినది. కొత్త 2000 రూపాయల నోటులో అది ఎక్కడున్నదో ఉపగ్రహానికి తెలిపే పరికరం దాగి ఉందని కొందరు నమ్మారు, నమ్మించారు. అటువంటి పరికరమేదీ ఆ నోటులో లేదు. ఇటువంటి ప్రశ్నకు గొంతు పెంచడం సమాధానం కాదు. విచారించి తెలుసుకోవడమే సమాధానం. రద్దయిన 15.41 లక్షల కోట్ల రూపాయల నోట్లలో 15.31 లక్షల కోట్ల రూపాయలు తిరిగి వచ్చాయని 2018లో రిజర్వుబ్యాంకు ప్రకటించింది. ఇది కూడా యథార్థమే. దీనిని ఇరుపక్షాలవారూ అంగీకరించాలి.

రెండవ రకం ఆ యథార్థం నుండి చేసే ఊహకు సంబంధించినది. ‘నోట్లన్నీ తిరిగి వచ్చాయి కాబట్టి నల్లధనం నశించలేదు’ అని ఒకరంటారు. ‘బ్యాంకులోకి వచ్చిన ధనానికి యజమాని ఎవరో తెలుస్తుంది కాబట్టి మేలే జరిగింది’ అని మరొకరంటారు. ఇక్కడ హేతువులు కావాలి, ఓర్పు కావాలి. మూడవ రకం విలువలకు సంబంధించినది. ఒక లక్ష్యం కోసం కోట్లాది ప్రజలను రోజుల తరబడి వరుసలలో నిలబెట్టడం న్యాయమా? దీనికి ఏ లెక్కల పుస్తకమూ ఏకైక సమాధానం చెప్పలేదు. యథార్థాన్ని అభిప్రాయంగా కొట్టిపారవేయడం, అభిప్రాయాన్ని యథార్థంగా చాటడం - వ్యర్థమైన వాదనలలో అధికభాగం ఈ రెండు తప్పుల వల్లనే పుడుతుంది.

ఈ విషయంపైనే 2023 జనవరి 2న సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు ప్రభుత్వచర్యను సమర్థించారు. న్యాయమూర్తి బి.వి.నాగరత్న విభేదించారు. నోట్ల రద్దు వెనుక ఉన్న ఉద్దేశాన్ని ఆమె శంకించలేదు. అనుసరించిన మార్గం చట్టసమ్మతం కాదనీ, పార్లమెంటు చట్టం ద్వారా చేయవలసిన పని అనీ అన్నారు. ఎదుటివారి సదుద్దేశాన్ని అంగీకరిస్తూనే వారి చర్యను ఖండించడం సాధ్యమే. రైలుపెట్టెలోని వాదనకు లోపించేది ఈ ఒక్క అంగీకారమే.

ధనానికి సంబంధించిన మొండివాదనకు చెల్లించవలసిన మూల్యం ఒక్కొక్కసారి జీవితకాలపు కష్టార్జితం. నెలకు నూటికి పది రూపాయల వడ్డీ ఇస్తామనే ఒక పథకాన్ని ఒక గృహస్థు నలుగురిలో పొగిడాడనుకొందాం. ఏడాదికి నూటికి 120 రూపాయలు ఇవ్వగల వ్యాపారం ఏమిటని ఒక అపరిచితుడు అడుగుతాడు. ఆ ప్రశ్న అతనిని కాపాడడానికి వచ్చినదే. కానీ అందరి ముందు తలవంచడం ఇష్టం లేక అతడు తన మాటనే సమర్థించుకొంటాడు. సమర్థించుకొన్నందుకు మరికొంత సొమ్ము అందులో పోస్తాడు. ఆనాటి వాదనలో అతడే గెలుస్తాడు. కూతురి పెండ్లికి దాచిన ధనం మాత్రం పోతుంది. ఓడిపోవడం వల్ల లాభపడే అవకాశం వాదంలో తప్ప మరే పోటీలోనూ లేదు. ఆ లాభాన్ని అహంకారం కాలదన్నుకొంటుంది.

వాదించేవారికి ఉండవలసిన మొదటి అర్హత పూర్వపక్షాన్ని సరిగా చెప్పగలగడం. శాస్త్రకారులు తమ సిద్ధాంతానికి ముందు ఎదుటివారి వాదాన్ని దాని పూర్ణబలంతో వివరించేవారు. తెలుగునాట గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాష కోసం పోరాడినప్పుడు గ్రాంథికవాదులు ప్రమాణంగా భావించిన ప్రాచీన గ్రంథాలనే శోధించి, వాటినుండే ప్రయోగాలను చూపించారు. ప్రతిపక్షపు పుస్తకాలను చదవనివానికి ప్రతిపక్షాన్ని ఖండించే అధికారం లేదు. 1934 జనవరి 15న బీహారులో ఘోరమైన భూకంపం సంభవించినప్పుడు, అది అస్పృశ్యతాపాపానికి దైవం విధించిన శిక్ష అని గాంధీజీ అన్నారు. అస్పృశ్యతను తానూ వ్యతిరేకించే రవీంద్రనాథ ఠాకూరు, ప్రకృతి సంఘటనను ఇలా పాపపుణ్యాలతో ముడిపెట్టడం శాస్త్రవిరుద్ధమని ప్రకటన రాశారు. గాంధీజీ ఆ ప్రకటనను తన ‘హరిజన్’ పత్రికలోనే ప్రచురించి, దానికి తన సమాధానం ఇచ్చారు. ఇద్దరి అభిప్రాయాలూ కలవలేదు. స్నేహం మాత్రం చెడలేదు.

వారు చిరపరిచితులు కాబట్టి అది సాధ్యమయిందని కొందరు అనవచ్చు. అపరిచితుల మధ్య కూడా అది సాధ్యమేనని ‘మిళిందపన్హా’ అనే పాళీగ్రంథం చూపుతుంది. యవనరాజైన మిళిందుడు బౌద్ధభిక్షువైన నాగసేనుని సంభాషణకు ఆహ్వానిస్తాడు. పండితులవలె చర్చించేటట్లయితే సరేననీ, రాజులవలె అయితే కుదరదనీ నాగసేనుడు చెబుతాడు. పండితులు చర్చలో తప్పు చూపితే ఒప్పుకొంటారు, కోపగించరు. రాజులు కాదన్నవానిని శిక్షిస్తారు. మిళిందుడు పండితుని పద్ధతినే అంగీకరిస్తాడు. కిరీటమున్నవాడే దానిని పక్కన పెట్టగలిగినప్పుడు, కిరీటం లేనివారికి అది కష్టం కాకూడదు.

ఎదుటివాడు అబద్ధాలకోరు అయినప్పుడు ఈ మర్యాద చేతగానితనం కాదా అన్న ఆక్షేపణ సహజం. ఆ సంగతిని పూర్వులు విస్మరించలేదు. మొలకను పశువుల నుండి కాపాడడానికి ముళ్ళకంపను అడ్డుగా వేసినట్లు, సత్యాన్ని రక్షించుకోవడానికి జల్పవితండలను వాడుకోవచ్చని న్యాయశాస్త్రమే అనుమతించింది. కాని కంచె పంట కాదు. కంచెనే పంటగా భ్రమించినవాని చేనులో గింజ పండదు. చరకుడు వైద్యుల చర్చలను స్నేహపూర్వకమైనవి, శత్రుభావంతో కూడినవి అని రెండుగా విభజించి, ఎదుటివాని గుణదోషాలను ముందుగా తెలుసుకొని మరీ చర్చకు దిగాలన్నాడు. స్నేహపూర్వకమైన చర్చలో ఓటమికి భయపడకూడదనీ, గెలిచినందుకు పొంగిపోకూడదనీ చెప్పాడు. కాబట్టి అసత్యాన్ని ఒక్కసారి ఆధారంతో ఖండించి ఊరుకోవడం పిరికితనం కాదు. ఆ ఒక్క మాట ఎదుటివానిని మార్చకపోవచ్చు; పక్కన మౌనంగా వింటున్నవానికి దారి చూపవచ్చు.

భారత రాజ్యాంగానికి చేసిన 61వ సవరణ వల్ల 1989 నుండి 18 ఏళ్ళు నిండిన యువతీయువకులకు ఓటుహక్కు లభించింది. నేడు జూనియర్ కళాశాలలో చదువుతున్నవారు త్వరలోనే ఆ వరుసలో నిలబడతారు. ఆ వరుసలో ముందున్నవాడూ, వెనుకనున్నవాడూ అపరిచితులే. ప్రజాస్వామ్యమంటే ఒకరినొకరు ఎరుగని కోట్లాది మనుషులు కలిసి ఒక నిర్ణయానికి రావడం. వారు ఒకరితో ఒకరు వాదించడం మానివేస్తే నిర్ణయాలు కొద్దిమంది చేతులలోకి పోతాయి; వాదించడం చేతకాకపోతే వీధులలోకి పోతాయి. అందుచేత వాదన అక్కరలేదనడం వివేకం కాదు. వాదించడం నేర్చుకోవడమే వివేకం. బండి దిగేటప్పుడు ప్రతి ప్రయాణికుడూ తాను తెచ్చిన అభిప్రాయంతోపాటు, ఎదుటివాడు ఆ విధంగా ఎందుకు తలచాడో తెలుసుకొని దిగిననాడు ఆ ప్రయాణం సార్థకమవుతుంది.