చీవాట్ల వాటా

మొన్న మా సెక్షనులో ఒక లెక్క తప్పింది. పై అధికారి కేకలేస్తే, నేను తడుముకోకుండా మా కుర్ర గుమాస్తా పేరు చెప్పేశాను. తప్పు అతనిదే, నిజం. కాని కాగితం అడుగున చివరి సంతకం నాది!

ఇంటికి వచ్చి కాఫీ తాగుతుంటే శ్రీహరికోట సంగతి జ్ఞాపకం వచ్చింది. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. అయినా పత్రికలవారి ముందు కూర్చుని బాధ్యత నెత్తిన వేసుకున్నవారు ఇస్రో అధ్యక్షులు సతీష్ ధవన్ గారు. 1980 జూలై 18న అదే తరహా రాకెట్టు రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆనాడు మాత్రం ధవన్ గారు, పత్రికలవారితో మీరే మాట్లాడండంటూ కలాం గారిని పంపారట. ఈ ముచ్చట కలాం గారే పలుమార్లు చెప్పారు.

మరునాడు సాయంత్రం అధికారి గదిలోకి వెళ్ళి, "చూడకుండా సంతకం పెట్టింది నేనండీ" అన్నాను. చీవాట్లు బాగానే పడ్డాయి. తలుపు సగం తెరిచే ఉంది.

బయటికి వచ్చాను. అయిదు కొట్టగానే గొడుగు అందుకునే ఆ కుర్రవాడు, ఆరున్నరైనా కదలకుండా లెక్కలు సరిచూస్తున్నాడు. నేనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఈసారి చదివి మరీ సంతకం పెట్టాను లెండి!