ఆర్కిడ్‌కి దిష్టి తగిలిందట!

మా బిలాస్‌పుర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళకు కొదవ లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. హిందీ బాగానే వంటబట్టింది. మన దిష్టికి ఇక్కడి నజర్ కూడా తోడయ్యింది. పేర్లు రెండు, జబ్బు ఒకటే.

రెండేళ్ళ కిందట ఒక దుకాణంలో ఫాలనాప్సిస్ ఆర్కిడ్ కొన్నాను. ఊదారంగు పూలతో ముచ్చటగా ఉండేది. పక్క లైన్లో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ వచ్చి చాలాసేపు చూసి, "ఎంత బాగుంది నాయనా!" అని వెళ్ళింది. రెండు వారాల్లో ఆకులు మెత్తబడి వేలాడాయి. "అన్నయ్య గారూ, మీరు నమ్మరు గానీ ఆవిడ కన్ను మంచిది కాదండి. నిమ్మకాయ, మిరపకాయలు కట్టండి" అని పొరుగింటావిడ సలహా.

నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఈ రాష్ట్రంలో అది నవ్వుకునే మాట కాదు. ఇలాంటి మాటలే ముదిరి ఒంటరి ఆడవాళ్ళపై 'టోన్హీ' (మంత్రగత్తె) అన్న ముద్ర వేస్తాయి. ఆ ముద్ర పడ్డవాళ్ళను కొట్టారు, ఊళ్ళోంచి తరిమారు, చంపారు కూడా. అందుకే 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం టోనహీ వేధింపుల నివారణ చట్టం తెచ్చింది. ఒకరిని టోన్హీ అని ముద్ర వేస్తే 3 ఏళ్ళు, వేధిస్తే 5 ఏళ్ళ వరకు జైలు. ఈ మూఢనమ్మకంపై ఊరూరా తిరిగి ప్రచారం చేసిన రాయ్‌పుర్ వాసి డా. దినేష్ మిశ్రా వృత్తిరీత్యా కంటి వైద్యుడు! కంటిలో ఏముంటుందో ఆయనకంటే ఎవరికి తెలుసు?

సరే, మొక్కను కుండీలోంచి తీసి చూశాను. దుకాణంవాళ్ళు వేళ్ళ చుట్టూ తడి నాచు గట్టిగా కుక్కారు. పై కుండీకి చిల్లు లేదు. నేనేమో తులసికి పోసినట్టు రోజూ నీళ్ళు పోశాను. అడవిలో ఈ మొక్క చెట్ల కొమ్మల మీద, గాలిలో వేళ్ళు వేలాడేసుకుని బతుకుతుంది. తడిసి వెంటనే ఆరిపోవడం ఆ వేళ్ళకు అలవాటు. గాలాడక అవి గోధుమరంగుకు తిరిగి కుళ్ళిపోయాయి. కుళ్ళిన వేళ్ళు నీరు పీల్చలేవు కనుక ఆకులు వాడాయి. దాహమనుకుని నేను ఇంకా పోశాను! దోషి నేనే.

కుళ్ళినవి కత్తిరించాను. బుధవారీ బజార్‌లో కట్టెబొగ్గు కొని (కోర్బా రాక్షసి బొగ్గు కాదు సుమా), ఇటుక ముక్కలతో కలిపి చిల్లులున్న కుండీలో నాటాను. వేళ్ళు వెండిరంగులోకి వస్తేనే నీళ్ళు. మండు వేసవిలో నీడలో ఉంచి, చుట్టూ గాలి తడిగా ఉండేలా చూశాను. వానాకాలంలో కొత్త ఆకు, చలికాలంలో పూకాడ వచ్చాయి.

"చూశారా, మీ ఆవిడ గుమ్మానికి కట్టిన నిమ్మకాయ పనిచేసింది!" అంది పొరుగింటావిడ. ఇక్కడ నిజాయితీగా ఒక మాట. నేను నాలుగైదు మార్పులు ఒకేసారి చేశాను. ఏది ఎంత పనిచేసిందో ఒక్క కుండీతో తేలదు. కానీ కుళ్ళిన వేళ్ళు నా చేతిలో ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చు. దిష్టికి అలాంటి సాక్ష్యం ఏదీ?

ఇంకో సంగతి ఆలోచించండి. ఆర్కిడ్‌ని పూలతోనే కొంటాం. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు. కొన్ని వారాలకో నెలలకో పూలు ఎలాగూ రాలతాయి. అప్పుడు ఎవరో ఒకరు 'చూసినవాళ్ళు' దొరకక మానరు. మరి చూసినవాళ్ళందరిలో నేరం ఒంటరి ముసలావిడ మీదకే ఎందుకు పోయింది? ఆమె తరఫున అడిగేవాళ్ళు లేరు కనుక.

పూలు విచ్చాక ఆవిడను పిలిచాను. గేటు దగ్గరే ఆగిపోయింది. "నేను చూడను నాయనా, మళ్ళీ ఏమైనా అయితే?" అంది. ఆ మాట ఆవిడ చెవిన పడిందన్నమాట. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, పూల ముందు కుర్చీ వేశాను. అరగంట కూర్చుంది.

పూలు రెండు నెలలకు పైగా నిలిచాయి. దిష్టి హానిలేని నమ్మకం, పోనీలెమ్మనేవాళ్ళు ఆ గేటు దగ్గర ఆవిడ మొహం చూసి ఉండాల్సింది.