నడకయు నొక అవధానమే

అష్టావధానమును చూచినవారికి అవధాని పడు శ్రమ తెలియును. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది నిత్తురు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు ఒక్కొక్క యక్షరమునకు అడ్డు తగులుచుండును. అప్రస్తుతప్రసంగి పనిలేని ప్రశ్నలతో ఏకాగ్రతను చెరుపజూచును. వెనుక నెవరో గంట కొట్టుచుందురు. ఆ లెక్కయు తప్పరాదు. ఇన్నింటిని నిర్వహించినవానికి శాలువ కప్పి సత్కరించుట మన సంప్రదాయము. కాని ఒక్క విషయము గమనింపదగి యున్నది. అవధాని కూర్చుండి యుండును. నడచుచు పూరణము చేయుమని ఏ పృచ్ఛకుడైనను కోరినట్లు నేనెరుగను.

నడక మనకు పనిగా తోచదు. పసితనమున నేర్చి, కాళ్లకు అప్పగించి, మరచిపోయిన విద్య యది. కూరగాయల బేరము, కుమారుని పరీక్షలు, రాత్రి కుదరని యతి - ఇవన్నియు తలలో తిరుగుచుండగనే కాళ్లు త్రోవను సాగుచుండును. మల్టిపుల్ స్క్లీరోసిస్ అను వ్యాధి గల అనేకులకు ఈ సౌకర్యము లేదు. వీధిలో నడుచునపుడెల్ల వారు అవధానము చేయుచున్నారు. శాలువ మాట అటుంచి, వారిని మనము అహంకారు లనుచున్నాము.

మెదడునందును, వెన్నుపామునందును, కంటినరమునందును గల నాడీతంతువులకు మైలిన్ అను కొవ్వుపొర తొడుగుగా నుండును. తొడుగు గల తంతువులలో మిక్కిలి వేగవంతమైన వానియందు సందేశము సెకండునకు నూరు మీటర్ల వరకు పరుగెత్తును. తొడుగు లేని సన్నని తంతువులో ఒకటి రెండు మీటర్లు పోవుటయే గొప్ప. శరీరమును కాపాడవలసిన రక్షణవ్యవస్థయే పొరపడి ఈ తొడుగును పాడుచేయుట ఈ వ్యాధి స్వభావము. ఎక్కువగా 20, 40 ఏండ్ల నడుమ ఇది బయటపడును. పురుషులలోకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికము. సందేశము ఆలస్యముగనో చెదరియో చేరినపుడు పాదమెత్తుట, మడమ నానించుట, బరువును ఒక కాలినుండి మరియొక కాలికి మార్చుట మున్నగు పనులను మనస్సే దగ్గరనుండి చూచుకొనవలసి వచ్చును. ఆ మనస్సు యొక్క వేగమును ఈ వ్యాధియే తగ్గించియు ఉండవచ్చును. ఆదాయము తగ్గినది, వ్యయము హెచ్చినది. ఇక మాటకు మిగులునది ఎంత?

1868లో పారిస్‌లోని సాల్‌పేత్రియేర్ ఆసుపత్రిలో షార్కో ఈ వ్యాధిని విశదముగా వర్ణించినపుడే జ్ఞాపకశక్తి క్షీణించుటను, భావములు మెల్లగా ఏర్పడుటను గుర్తించెను. అయినను తరువాత బహుకాలము వైద్యలోకము కాళ్లను, కన్నులను చూచినంతగా ఈ సంగతిని చూడలేదు. 1983లో అమెరికా వైద్యుడు కర్ట్స్కీ విస్తరించిన కొలమానమే నేటికిని వాడుకలో నున్నది. దానిలో 0 నుండి 10 వరకు మెట్లు కలవు. నడిమి మెట్లను ముఖ్యముగా విశ్రాంతి లేక నడువగల దూరమే నిర్ణయించును: 500 మీటర్లయినచో ఒక మెట్టు, 300 అయినచో మరియొకటి, తరువాత 200, 100. మరియొక పరీక్షలో 25 అడుగులు నడిపించి కాలము కొలుతురు. ఇవి ఉపయోగములేని కొలతలని నేననుట లేదు. అయితే ఆ 25 అడుగులలో రోగిని ఎవ్వరును "అమ్మాయీ, బియ్యము బస్తా ఎంతకు తెచ్చితివి?" అని అడుగరు.

అడిగి చూచినవారును కలరు. మాటాడించినపుడు నడక నాపు వృద్ధులు ముందుముందు పడిపోవుట కెక్కువ అవకాశము కలదని 1997లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిరి. తరువాత మల్టిపుల్ స్క్లీరోసిస్ గలవారిచేత నూరునుండి ఏడేడు తీసివేయించుచు, అంకెలు ఒప్పగింపించుచు నడిపించి చూచిరి. సాధారణముగా నడక మందగించినది. కొందరికి లెక్క తప్పినది. ఆరోగ్యవంతులును కొంత మందగింతురు. ఈ ఇరువురి నడుమ అంతరము ఎంత యనుదానియందు పరిశోధకులు ఏకాభిప్రాయులు కారు. కాని ఆరోగ్యవంతునికి అడుగు తప్పినను సర్దుకొను శక్తి మిగిలి యుండును. తేడా అక్కడనే యున్నది.

నావద్ద చదివి నేడు తానే ఉపాధ్యాయినియైన యొక అమ్మాయికి ఈ వ్యాధి కలదు. ఆమె నాతో ననిన మాట ఇది: "మాస్టారూ, నడుస్తున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే ఆగిపోతాను. గర్వం కాదండీ, ఆగకపోతే పడతాను." పెండ్లి పందిటిలో పిలిచినను పలుకలేదని పినతల్లి ఆరు నెలలు అలిగినదట. ఉష్ణము హెచ్చినచో ఈ వ్యాధి లక్షణములు తీవ్రమగును. శ్రమపడినపుడు ఈ రోగుల చూపు తాత్కాలికముగా తగ్గుటను ఉట్‌హాఫ్ అను జర్మన్ వైద్యుడు 1890లోనే వ్రాసెను. మన రోహిణికార్తె ఎండలను ఆయన ఎరుగడు. ఆ ఎండలో, కాలిబాటను అంగళ్లు ఆక్రమించిన వీధిలో, వెనుక మోటారు సైకిలు హారను మ్రోగుచుండగా, ఎదుటివారి కుశలప్రశ్నకు చిరునవ్వుతో బదులు చెప్పవలెనట!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని పేరు చెప్పి తన 21 వైకల్యములలో చేర్చినది. 1995 నాటి చట్టమున నున్నవి ఏడే. వానిలో దీని పేరు లేదు. సంతోషమే. కాని వైకల్యమున కెంత శాతమని నిర్ణయించువారు రోగిని ఒకసారి మౌనముగాను, ఒకసారి మాటాడించుచును నడిపించి చూడవలెనని నా అభిప్రాయము. జీవితములో మనుష్యుడు ఎప్పుడును ఒంటరి వసారాలో నడువడు.

"అట్లయిన వారితో మాటాడుటయే మానవలెనా?" అని కొందరడుగుదురు. అక్కరలేదు. మౌనవ్రతము విధించుట దయ కాదు. నడక, ఆలోచన రెండింటిని కలిపి జాగ్రత్తగా అభ్యసింపజేయు పద్ధతులను పరీక్షించుచున్నారు. అది నిపుణుల సమక్షమున జరుగవలసిన పని. వీధిలో మనము చేయదగినది స్వల్పము. వారు ఆగువరకు ఆగుట, గోడ దగ్గరనో అరుగు దగ్గరనో నిలిచిన తరువాత పలుకరించుట, బదులు ఆలస్యమైనచో మరల మరల అడుగకుండుట.

ఆ అమ్మాయి తరగతిగదిని ఆమె పాఠశాలవారు మేడమీదినుండి క్రిందికి మార్చిరి. మెట్ల బాధ తీరినది. గంట కొట్టగనే వసారాలో పిల్లలు గుంపుగా ఎదురై "నమస్తే టీచర్" అందురు. దానికి మాత్రము ఉపాయ మింకను దొరకలేదు.