దారం చివర స్పాంజి

అన్నవాహిక క్యాన్సర్ విషయంలో వైద్యుడి చేతికి రోగి దాదాపు ఎప్పుడూ ఆలస్యంగానే చిక్కుతాడు. ముద్ద దిగడం లేదంటూ ఆసుపత్రికి వచ్చేసరికే కణితి బాగా ముదిరి ఉంటుంది. బ్రిటన్‌లో కూడా ఈ జబ్బు బయటపడ్డాక అయిదేళ్లు బతికేవాళ్లు అయిదుగురిలో ఒకరికన్నా తక్కువే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకురాలు రెబెకా ఫిట్జెరాల్డ్ అందుకే క్యాన్సర్‌కు ఏళ్ల ముందు వచ్చే మార్పు మీద దృష్టి పెట్టారు. కడుపులోని ఆమ్లం పదేపదే పైకి తన్నుతుంటే కొందరిలో అన్నవాహిక కింది భాగపు పొర పేగు పొరలాగా మారిపోతుంది. 1950లో దీని గురించి రాసిన సర్జన్ నార్మన్ బ్యారెట్ పేరే దానికి నిలిచింది (అది అన్నవాహిక కాదు, పైకి జరిగిన కడుపు అని ఆయన అనుకున్నారు, ఆ అభిప్రాయం చెల్లకపోయినా పేరు మాత్రం చెల్లింది). ఈ మార్పు కనిపెట్టాలంటే ఎండోస్కోపీ చేయాలి. కానీ గుండెల్లో మంట అన్న ప్రతివాళ్లకూ ఎండోస్కోపీ చేయడం ఏ దేశానికీ సాధ్యం కాదు. చేయకపోతే ఆ మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఫిట్జెరాల్డ్ బృందం చూపిన దారి చాలా సాదాగా ఉంటుంది. దారం కట్టిన గొట్టం మాత్రను రోగి మింగుతాడు. కొన్ని నిమిషాల్లో పై పొర కడుపులో కరిగి, లోపలి స్పాంజి విచ్చుకుంటుంది. నర్సు దారం పట్టి పైకి లాగితే, అది దారి పొడవునా కణాలను అంటించుకుని వస్తుంది. ఆ కణాల్లో టీఎఫ్ఎఫ్3 అనే ప్రొటీన్ కనబడితే అప్పుడు ఎండోస్కోపీకి పంపుతారు. మత్తు అక్కర్లేదు, ఆపరేషన్ గది అక్కర్లేదు. ఇలా కణాలు తీయడం పూర్తిగా కొత్త కాదు. చైనాలోని లిన్‌షియన్ ప్రాంతంలో దశాబ్దాల క్రితమే బెలూన్ మింగించి ఇలాంటి పరీక్షలు చేశారు. నా దృష్టిలో ఫిట్జెరాల్డ్ పనిలో అసలు విలువ స్పాంజిలో కన్నా, పరీక్షను పెద్దాసుపత్రి నుంచి వీధి డాక్టరు గదికి దింపడంలో ఉంది. ఇంగ్లండ్‌లో 109 క్లినిక్‌లలో, ఆమ్లం తగ్గించే మందులు వాడుతున్న 50 దాటినవాళ్లు 13 వేలమందికి పైగా పాల్గొన్న ప్రయోగ ఫలితాలు 2020లో లాన్సెట్‌లో వచ్చాయి. మామూలు వైద్యం అందిన 6,388 మందిలో 13 మందికి బ్యారెట్ మార్పు బయటపడింది. పరీక్షకు పిలిచిన 6,834 మందిలో 140 మందికి బయటపడింది. పిలిచినవాళ్లలో స్పాంజి మింగింది 1,654 మందే అయినా ఇంత తేడా వచ్చింది. తొలిదశ క్యాన్సర్ అయిదుగురిలో దొరికింది. ఒకరిలో స్పాంజి దారం నుంచి ఊడిపోతే ఎండోస్కోపీతో తీయాల్సి వచ్చిందని కూడా అదే వ్యాసంలో ఉంది.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. బ్యారెట్ మార్పు ఉన్నవాళ్లలో అత్యధికులకు క్యాన్సర్ ఎన్నటికీ రాదు. డెన్మార్క్‌లో 11 వేలమందిని గమనించిన అధ్యయనం, ఏడాదికి వెయ్యి మందిలో సుమారు ఒకరికే వస్తుందని 2011లో తేల్చింది. అలాంటప్పుడు వేలమందికి భయం అంటించడం న్యాయమా? న్యాయం కాదు, ఆ ఒక్కరినీ మిగతావాళ్లనూ విడదీయలేకపోతే. కణాల్లో ముదురుతున్న మార్పు కనబడినవాళ్లకు ఎండోస్కోపీతోనే ఆ పొరను కోసి తీయవచ్చు, లేదా కాల్చేయవచ్చు. మిగిలినవాళ్లను కొన్నేళ్లకొకసారి చూస్తే చాలు. ఈ పరికరాన్ని కనిపెట్టినవాళ్లలో ఫిట్జెరాల్డ్ ఒకరు, దీని మీద వ్యాపారం చేసే సైటెడ్ సంస్థ స్థాపకుల్లోనూ ఉన్నారు, కాబట్టి ఆవిడ మాట ఎంతవరకు నమ్మాలన్నది రెండో ప్రశ్న. ఆవిడ మాటను కాదు, లెక్కను నమ్మాలి. ఎక్కువమందిని కనిపెట్టినంత మాత్రాన చావులు తగ్గినట్టు కాదు. దాన్ని తేల్చడానికే లక్షా 20 వేలమంది లక్ష్యంగా బెస్ట్4 అనే ప్రయోగం మొదలుపెట్టారు. గొప్పలు చెప్పుకునే ముందు ఇంత పెద్ద పరీక్షకు తలవంచడం నాకు నచ్చింది.

మన దగ్గర దీన్ని రేపే దిగుమతి చేసుకోవాలని వాదించను. భారతదేశంలో అన్నవాహిక క్యాన్సర్ ఎక్కువగా స్క్వామస్ అనే, బ్యారెట్ మార్పుతో సంబంధం లేని రకం. పొగాకు, వక్క, మద్యం దానికి దారితీస్తాయి. బ్యారెట్ మార్పును వెతికే స్పాంజి దాన్ని ఆపలేదు. మనం తెచ్చుకోవాల్సింది ఆ పద్ధతి: చవకైన పరీక్ష, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు చేయగలిగేది, నిజంగా ప్రమాదం ఉన్నవాళ్లకు మాత్రమే, ముందు పెద్ద ప్రయోగంలో నిగ్గుతేలాక. ఇక్కడ జరుగుతున్నది దీనికి తలకిందులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు సీఈఏ లాంటి రక్తపరీక్షలను 'క్యాన్సర్ ప్యాకేజీ' పేరుతో అమ్ముతున్నారు. ఆరోగ్యవంతుల్లో క్యాన్సర్‌ను వెతకడానికి సీఈఏ పనికిరాదని వైద్యులందరికీ తెలుసు. మరోవైపు, నిజంగా పరీక్ష అవసరమైన మనిషి 'గ్యాస్' అనుకుని మందుల షాపులో బిళ్లలు కొనుక్కుని నెలలు గడిపేస్తాడు. ముద్ద గొంతు దాటాక అడ్డుపడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఏ ప్యాకేజీ కోసమూ, ఏ స్పాంజి కోసమూ ఎదురుచూడకండి. డాక్టరును కలిసి ఎండోస్కోపీ అవసరమా అని ఈ వారమే అడగండి.