మందు వెలయు, మనుష్యుని ప్రాణమును

పైరునకు బారవలసిన నీటిని ద్రావి కలుపు పెరుగునని రైతు లెఱుగుదురు. దేహమున బుట్టు క్యాన్సర్ కంతి యంతకంటె గడుసుది. తన కాలువలను దానే త్రవ్వించుకొనును. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరుగుటకు దానికి క్రొత్త రక్తనాళములు కావలెననియు, వాని నరికట్టినచో కంతి పెరుగజాలదనియు అమెరికా వైద్యుడు జూడా ఫోక్‌మన్ 1971లో ప్రకటించెను. ఆనాడు పెక్కురు విద్వాంసులు నమ్మలేదు. నేడది స్థిరపడిన వైద్యమార్గము.

కాలేయపు క్యాన్సర్‌నకు ఈ మార్గమున వచ్చిన మొదటి మాత్ర సొరాఫెనిబ్. ముదిరిన రోగులపై జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారిలో సగముమంది 7.9 నెలలు బ్రతుకగా, మందు పుచ్చుకొన్నవారిలో సగముమంది 10.7 నెలలు బ్రతికిరి. ఇది రోగమును కుదుర్చు మందు కాదు. అరచేతులు, అరికాళ్లు పొక్కుట, విరేచనములు, రక్తపుపోటు దీనితో వచ్చు బాధలు. అయినను మూడు నెలలు స్వల్పమనుట యారోగ్యవంతునకు సులభము. కూతురి పెండ్లి చూడగోరు తండ్రికి గాదు. ఆ నిర్ణయము రోగియు వైద్యుడును జేయవలసినది. ధరకు ఆ యధికార ముండరాదు.

మన దేశమున ధరయే నిర్ణయించుచుండెను. జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ నెల మందునకు సుమారు 2,80,000 రూపాయలు కోరుచుండెను. మాగాణి యమ్మి మందు కొన్నచో, రోగి పోయిన పిదప బిడ్డలకు మిగులునది ఋణమే. 2012 మార్చి 9వ తేదీన పేటెంట్ల యధికారి హైదరాబాదులోని నాట్కో కంపెనీకి నిర్బంధ లైసెన్సు నొసగి, అదే మందును నెలకు సుమారు 8,800 రూపాయలకు అమ్మవలెననియు, అమ్మకముపై బేయర్‌నకు నూటికి ఆరు వంతున ప్రతిఫల మీయవలెననియు విధించెను. అప్పీలులో ఆ ఆరు ఏడైనది, లైసెన్సు నిలిచినది. 2014లో బొంబాయి హైకోర్టు దానిని సమర్థించెను. సుప్రీంకోర్టు జోక్యము చేసికొనలేదు.

పరిశోధనకు ధనము కావలెననియు, లాభము లేనిదే క్రొత్త మందులు రావనియు కంపెనీలు చెప్పు మాటను మేము త్రోసిపుచ్చము. కాని పేటెంటు దేవదత్తము కాదు. ప్రజలతో చేసికొన్న యొడంబడిక. జనుల కందని ధర పెట్టినవాడే దానిని ముందుగ మీరినవాడు.

విచారమేమన, వేఱు మందులకై యిట్టి లైసెన్సు కోరుచు వచ్చిన యర్జీలు 2013లోను, 2016లోను తిరస్కరింపబడినవి. శాస్త్రము మాత్రము ఆగలేదు. రక్తనాళముల నడ్డగించు బెవాసిజుమాబ్‌ను, దేహపు రక్షణశక్తిని మేల్కొలుపు అటెజోలిజుమాబ్‌ను కలిపి యిచ్చినచో సగముమంది 19.2 నెలలు బ్రతికిరనియు, సొరాఫెనిబ్‌తో 13.4 నెలలే యనియు 2022లో వెలువడిన ఫలితములు తెలుపుచున్నవి. మొదటిదానికి సాటియైన మందులను హైదరాబాదు కంపెనీలే చేయుచున్నవి. రెండవది సామాన్యుని కందనిది.

పేటెంటు చట్టములోని 84వ సెక్షను ఒక్కసారి వాడి బీరువాలో దాచుటకు వ్రాసినది కాదు. ప్రభుత్వ మీ మందుల ధరలను విచారింపవలెను, కంపెనీలతో బేరమాడవలెను, వారు వినకున్నచో చట్టమును ప్రయోగింపవలెను. కంతికి బోవు రక్తము నాపుట శాస్త్రజ్ఞులు నేర్చిరి. రోగి యింటి సొత్తు కారిపోవు గండిని బూడ్చుట ప్రభుత్వము పని.