‘ఫీచర్ ఎప్పుడు?’ అని అడగకండి

మన దగ్గర షార్ట్ ఫిల్మ్ తీసినవాణ్ణి “ఏం తీశావ్?” అని అడిగేవాళ్ళు తక్కువ. “నెక్స్ట్ ఏంటి?” అనేవాళ్ళే అందరూ. ఆ ‘నెక్స్ట్’ అంటే ఏమిటో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. రెండున్నర గంటలు, ఇంటర్వెల్, ఒక నిర్మాత. పది నిమిషాల సినిమా మనకి సినిమా కాదు, సినిమా కోసం పెట్టుకున్న దరఖాస్తు. బాగుంటే ఉద్యోగం వస్తుంది, వచ్చాక దరఖాస్తుని ఎవరూ మళ్ళీ తీసి చదవరు.

ఈ అలవాటు మీద నాకు కోపం ఉంది. ఆ కోపాన్ని ఉత్తినే వెళ్ళగక్కకుండా ఒక మనిషిని ముందు పెట్టుకుని మాట్లాడతాను. కోజి యమమూర. 1964లో నగోయాలో పుట్టిన జపనీస్ యానిమేటర్. బొమ్మలు గీసి కదిలిస్తాడు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆయన తీసినవన్నీ పొట్టి సినిమాలే. ఐదు నిమిషాలవి, పది నిమిషాలవి, మహా అయితే ఇరవై నిమిషాలవి.

జపాన్ యానిమేషన్ అనగానే మీలో సగంమంది నాకంటే ఎక్కువ చెప్పగలరని తెలుసు. మియజాకి మీద మన వెబ్ పత్రికల్లో వచ్చినన్ని వ్యాసాలు మన సొంత దర్శకుల మీద కూడా రాలేదేమో. ‘డీమన్ స్లేయర్’ తెలుగు డబ్బింగుతో థియేటర్లకి వచ్చేసింది. సంతోషమే. కానీ 2003 ఆస్కార్లలో మియజాకి ‘స్పిరిటెడ్ అవే’ గెలిచిన సాయంత్రమే, అదే వేదిక మీద, యానిమేటెడ్ షార్ట్ విభాగంలో ఇంకో జపాన్ సినిమా పోటీలో ఉంది. యమమూర తీసిన ‘అతమయామ’. పదినిమిషాలది. ఓడిపోయింది. గెలిచింది ‘ది చబ్‌చబ్స్’ అని హాలీవుడ్‌లో ఒక పెద్ద గ్రాఫిక్స్ కంపెనీ తీసిన ఐదారు నిమిషాల సరదా సినిమా. ‘మెన్ ఇన్ బ్లాక్’ రెండో భాగానికి ముందు థియేటర్లలో వేసేవారు దాన్ని. అదిప్పుడు ఎంతమందికి గుర్తుందో నాకు తెలీదు. ఆస్కార్ సంగతి ఎందుకు ఎత్తానంటే, ఆ మాట లేకపోతే ఈ వ్యాసం ఇంతవరకు కూడా చదవనివాళ్ళు కొందరుంటారు. ఇక దాన్ని పక్కన పెడదాం.

‘అతమయామ’ కథ ఇది. ఒక పిసినారి. ఏదీ పారేయలేడు. చెర్రీ పళ్ళు దొరికితే గింజలు ఉమ్మడానికి ప్రాణం ఒప్పక వాటితో సహా మింగేస్తాడు. నెత్తి మీద చెర్రీ మొక్క మొలుస్తుంది. కత్తిరిస్తే మళ్ళీ వస్తుంది. విసిగి వదిలేస్తాడు. చెట్టవుతుంది, పూలు పూస్తుంది. జపాన్‌లో చెర్రీ పూసిందంటే జనం చాపలు పట్టుకుని చెట్టు కిందకి చేరతారు. వీడి నెత్తి మీదకి కూడా చేరతారు. ఆఫీసు ఉద్యోగులు తాగుతారు, పాడతారు, అక్కడే పోసుకుంటారు. గోల భరించలేక చెట్టుని వేళ్ళతో సహా పీకేస్తాడు. నెత్తి మీద గొయ్యి పడుతుంది. వాన కురిసి చెరువవుతుంది. జనం ఈసారి ఈతకొస్తారు, చేపలు పట్టడానికొస్తారు. చివరికి వాడు తట్టుకోలేక తన నెత్తి మీద ఉన్న చెరువులోనే దూకి చస్తాడు.

తన తల మీద ఉన్న చెరువులో తనే ఎలా దూకుతాడు? ఇది పాత రకుగో కథ. రకుగో అంటే దిండు మీద కూర్చుని, చేతిలో విసనకర్రతో, ఒక్క మనిషి అందరి గొంతులూ తనే పలుకుతూ చెప్పే హాస్యకథ. నోటితో చెప్పేవాడికి ఆ చివరి దూకుడుతో ఇబ్బంది లేదు. ఒక్క వాక్యం అనేసి దణ్ణం పెట్టి లేచి వెళ్ళిపోతాడు. మాటకి చెల్లుతుంది. బొమ్మకి ఎలా చెల్లుతుంది? యమమూర ఆ చిక్కునే సినిమా చేసుకున్నాడు. వాడు చెరువులోకి తొంగి చూస్తే అందులో వాడే, వాడి నెత్తి మీద చెరువు, అందులోకి తొంగి చూస్తూ మళ్ళీ వాడే. కథని ఇప్పటి టోక్యోకి తెచ్చాడు. కథకుడి గొంతు కునిమోతొ తకెహరు అనే గాయకుడిది. షమిసెన్ మీటుతూ కథని పాడి చెప్పే రోక్యొకు కళాకారుడాయన. మన హరికథకి దూరపు చుట్టం అనుకోండి. ఆ పది నిమిషాలకి వేల బొమ్మలు చేత్తో గీశాడు. ఆరేళ్ళు పట్టింది.

ఆరేళ్ళకి పది నిమిషాలు. ఇది చెప్పగానే మనవాళ్ళు లెక్కలు వేస్తారు. “అంత టైంలో ఒక ఫీచర్ లేచిపోయేది కదా బ్రో.” లేచిపోయేది నిజమే. అయితే ఆ కథని తొంభై నిమిషాలు చేయండి చూద్దాం. పిసినారికి పెళ్ళాం కావాలి. వాడు పిసినారి ఎందుకయ్యాడో చెప్పే చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్ కావాలి. చెట్టు మీద జాలిపడే ఒక చిన్న పిల్ల కావాలి. చివర్లో వాడు మారాలి. అప్పుడా చెరువులో నీళ్ళు ఉండవు, కన్నీళ్ళు ఉంటాయి. ‘అతమయామ’ పది నిమిషాలుండటం బడ్జెట్ లేక కాదు, ఆ కథ నిడివే అంత.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? మనది కథల భాష. కారా మాస్టారికి 1995లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కథల పుస్తకానికి. చాసో పేరు చెప్పి మనం గర్వపడేది ఆయన కథలు చూసే. శ్రీకాకుళంలో కథకి ఒక ఇల్లే కట్టారు, కథానిలయం అని. ‘కథలు బానే రాశాడు, ఇక నవలకి ఎదిగితే బావుండు’ అని చాసోని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? అదే మనం సినిమా దగ్గరకొచ్చేసరికి ఫిల్మ్ ఛాంబర్ భాష మాట్లాడతాం. పొట్టిది చిన్నది, చిన్నది మెట్టు, మెట్టెక్కి పైకెళ్ళాలి. కథకీ నవలకీ తేడా ఎరిగినవాళ్ళు కూడా షార్ట్ ఫిల్మ్‌ని ‘ప్రామిసింగ్’ అని భుజం తట్టి వదిలేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికి ఏం ప్రామిస్ చేశారని?

దీని ఫలితం సినిమాల్లోనే కనిపిస్తుంది. యూట్యూబ్‌లో మన షార్ట్ ఫిల్ములు వరసగా ఓ ఇరవై చూడండి. చాలావాటిలో ఒక పాట, హీరో పక్కన పంచులేసే ఫ్రెండు, డ్రోన్ షాటు, చివర్లో ట్విస్టు. పద్దెనిమిది నిమిషాల్లోకి కుదించిన మాస్ సినిమాలు. ఇవి చూసేవాడి కోసం తీసినవి కావు, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ప్రొడ్యూసర్ కోసం తీసినవి. నాకు పాట తీయడం వచ్చు, కామెడీ వచ్చు, ఎమోషన్ వచ్చు అని ఒక్కొక్కటీ చూపించుకోవడం. దరఖాస్తు అన్నది ఇందుకే. తరుణ్ భాస్కర్ ‘సైన్మా’ తీసి తర్వాత 2016లో ‘పెళ్ళిచూపులు’ తీశాడు. సుజీత్ షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చి ‘రన్ రాజా రన్’, అక్కణ్ణుంచి ‘సాహో’ దాకా వెళ్ళాడు. వాళ్ళని నేనేమీ అనడంలేదు. వాళ్ళు ఫీచర్లే తీయాలనుకున్నారు, తీశారు. నా బాధ ఏంటంటే అది తప్ప ఇంకో దారి ఉందని ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్ళు పొట్టి సినిమాలే తీసి, వాటితోనే పేరు తెచ్చుకున్న తెలుగు దర్శకుడి పేరు ఒక్కటి చెప్పండి. నాకైతే తట్టడం లేదు.

కొన్నేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక షార్ట్ ఫిల్మ్ పోటీకి జడ్జీగా కూర్చున్నాను. బహుమతి డబ్బులు కాదు, ఒక నిర్మాతకి కథ చెప్పే అవకాశం. ఒకమ్మాయి పంపిన నాలుగు నిమిషాల యానిమేషన్ ఉంది అందులో. గోడ మీద తడి మరకలు, అవి మనుషులవడం, మళ్ళీ మరకలవడం. మాట లేదు. నాకు ఆ రోజు చూసినవాటిలో అదొక్కటే సినిమా. పక్కన ఉన్న పెద్దమనిషి, “కాన్సెప్ట్ ఓకే గానీ ఇందులో డైరెక్షన్ ఎక్కడుందండీ? ఆర్టిస్టులని హ్యాండిల్ చేయగలదో లేదో ఎలా తెలుస్తుంది?” అన్నాడు. గంటసేపు వాదించి ఓడిపోయాను. ఆయన ప్రశ్న ఆ పోటీకి సరైనదే. వాళ్ళు ఎంపిక చేస్తున్నది సినిమాని కాదు, ఉద్యోగిని.

“ఇవన్నీ బానే ఉన్నాయి, మరి తిండి?” అంటారు. అడగాల్సిన ప్రశ్న అది. యమమూర కళ కోసం పస్తులున్న మహర్షి ఏమీ కాదు, అలాంటి కథలు అల్లకండి. టోక్యో జొకెయి యూనివర్సిటీలో పెయింటింగ్ చదివి 1987లో బయటికొచ్చాడు. కొన్నాళ్ళు ఒక స్టూడియోలో వెనక బొమ్మలు వేసే పని చేశాడు. మానేశాడు. తొంభైల్లో పిల్లల కోసం చిన్న చిన్న యానిమేషన్లు తీశాడు. పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేశాడు. 2008 నుంచి టోక్యో యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్‌లో పాఠాలు చెబుతున్నాడు. అంటే రోజూ పని చేసుకుని బతికినవాడే. ఇండిపెండెంట్ అంటే పని లేకుండా ఉండటం కాదు, తన సినిమా ఎన్ని నిమిషాలుండాలో తనే చెప్పగలగడం. 2011లో మైబ్రిడ్జ్ మీద పన్నెండు నిమిషాల సినిమా తీశాడు. గుర్రం పరుగుని ఫోటోల్లో పట్టిన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. దానికి డబ్బు పెట్టినవాళ్ళలో కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డ్, జపాన్ ఎన్.హెచ్.కె. ఉన్నాయి. ఒకటి ప్రభుత్వ సంస్థ, ఇంకొకటి ప్రజల ఛానల్. పొట్టి సినిమా తనంత తానుగా టికెట్ తెగదు. ఎవరో ఒకరు అది ఉండాలి అనుకుని డబ్బు పెట్టాలి. మనకీ 1948 నుంచీ ఫిల్మ్స్ డివిజన్ ఉండేది, అందులో కార్టూన్ విభాగం కూడా ఉండేది. ఈమధ్యే దాన్ని ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేశారు. తెలుగు పత్రికల్లో అది వార్త కూడా కాలేదనే చెప్పాలి.

ఇంకో సంగతి. యమమూరని ఈ దారిలోకి లాగింది ఎవరనుకున్నారు? డిస్నీ కాదు, తెజుకా కాదు. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడు, 1985లో, హిరోషిమాలో మొదటి అంతర్జాతీయ యానిమేషన్ ఉత్సవం జరిగింది. అక్కడ ఇషు పటేల్ సినిమాలు చూశాడు. ఇషు పటేల్ మనవాడే, గుజరాతీ. అహ్మదాబాద్ ఎన్.ఐ.డి.లో చదివి కెనడా వెళ్ళి ఆ ఫిల్మ్ బోర్డులో పనిచేశాడు. పూసల్ని ఒక్కొక్కటే జరుపుతూ ‘బీడ్ గేమ్’ తీశాడు, 1977లో. అదీ పొట్టిదే. ఒక గుజరాతీ కెనడాలో తీసిన సినిమాలు చూసి ఒక జపాన్ కుర్రాడు తన జీవితం ఎటో తేల్చుకున్నాడు. ఇషు పటేల్ పేరు మన ఫిల్మ్ క్లబ్బుల్లో ఎంతమంది విన్నారు?

2007లో కాఫ్కా ‘పల్లెటూరి డాక్టర్’ తీశాడు యమమూర. ఇరవై ఒక్క నిమిషాలు. కాఫ్కా మీద మోజున్న మన పాఠకులు ఇదైనా చూసి ఉండాలి. డాక్టరు తల ఉబ్బుతుంది, సన్నబడుతుంది, ఒళ్ళు గదిలో పట్టక వంగిపోతుంది. గొంతులు క్యోటోలోని షిగెయామా కుటుంబానివి, తరతరాలుగా క్యొగెన్ అనే హాస్యనాటకం ఆడేవాళ్ళు. చెక్ దేశపు మంచులో ఒక జపాన్ ముసలి నటుడి గొంతు. అది ఎందుకు కుదిరిందో చెప్పలేను గానీ, కాఫ్కాలో నవ్వు ఎక్కడుందో నాకు మొదటిసారి అందులోనే వినబడింది. ఒట్టావాలో దానికి గ్రాండ్ ప్రైజ్ ఇచ్చారు.

ఇక నన్ను ఇరికించడానికి మీ దగ్గర ఒక ప్రశ్న ఉంటుంది. “చివరికి ఆయన కూడా ఫీచర్ తీశాడుగా?” తీశాడు. 2021లో, యాభై ఏడేళ్ళ వయసులో. ‘ఇకుత నో కిత’, అంటే ఎన్నో ఉత్తరాలు. ఉత్తరం దిక్కు అండీ, జాబులు కాదు. అది అరవై నాలుగు నిమిషాలు. ఒక్క డైలాగు లేదు. ‘బుంగకుకాయ్’ అనే సాహిత్య పత్రిక ముఖచిత్రాలుగా నెలనెలా గీసిన బొమ్మల్లోంచి పుట్టింది. ఒక చోట మొదలై ఇంకో చోట తేలే కథ కాదు, ముక్కలు ముక్కలుగా ఒక ప్రయాణం. ఎప్పుడో పొట్టివాటితో నేర్చుకుని ఇప్పుడు పెద్దది తీశాడనడానికి అందులో ఏమీ లేదు. ఆ బొమ్మలకి అంత నిడివి కావాల్సి వచ్చింది, అంతే. కథలు రాసేవాడు ఒక నవల రాస్తే కథలన్నీ రిహార్సల్స్ అయిపోతాయా?

అదే ఏడాది ఒట్టావాలో షార్ట్ విభాగం గ్రాండ్ ప్రైజ్ హొనామి యానో అనే యువ దర్శకురాలికి వచ్చింది. సినిమా ‘హొనెకమి’, ఎముక కొరకడం అని. తండ్రి అంత్యక్రియల రోజుల్ని తలచుకునే ఒక చిన్నపిల్ల. మొత్తం చుక్కలతో గీసింది. సుమారు పది నిమిషాలు. నిర్మాత కోజి యమమూర. పేరొచ్చిన దర్శకుడు నిర్మాత అయితే మన దగ్గర శిష్యుడికి రెండో హీరో సినిమా ఇప్పిస్తాడు. ఈయన పది నిమిషాలు ఇప్పించాడు.

మన వెబ్ పత్రికలు ప్రతి శుక్రవారం సినిమాకీ రివ్యూ వేస్తున్నాయి. నెలకి ఒక్క పొట్టి సినిమాకి, కొత్త కథల పుస్తకానికి ఇచ్చినంత చోటు ఇవ్వండి. రాసేవాళ్ళకి డబ్బులివ్వండి. ‘దర్శకుడికి మంచి భవిష్యత్తు ఉంది’ అనే వాక్యం ఎక్కడ కనబడినా ఎడిటర్లు కొట్టేయండి. ఆ తడి మరకల సినిమా తీసినమ్మాయి ఇప్పుడు ఏదో యాప్‌కి ఐకాన్లు గీస్తోందని విన్నాను.